తడిమి చూసే నాలుగు సెకండ్లు

రాబర్ట్‌సన్‌పేటలో ఎక్కిన కోలారు బస్సులో నా పక్కన కార్ల ఫ్యాక్టరీ యూనిఫాం వేసుకున్న ఒకావిడ కూర్చుంది. నేను ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఫ్యాక్టరీల అసెంబ్లీ లైన్‌లో వృథా అయ్యే సమయాన్ని ఎర్రగా చూపించే మా సాఫ్ట్‌వేర్‌ను సరిచూసుకుంటున్నాను.

"ఈ ఎరుపు మా లైన్‌లో కూడా పడతాదప్పా. నువ్వే చేసినావా?" అంది.

అవునన్నాను. ఆవిడకు కోపం రాలేదు.

"ప్రతి బండికీ నాలుగు సెకండ్లు నేను ఊరికే ఉండానని చూపిస్తాది. బ్రేకు వైరు క్లిప్పు గట్టిగా కూర్చునిందా లేదా అని తడిమి చూస్తానప్పా. ఇంగ అది మానేయమంటాండారు."

నా వేలు పట్టుకుని నా బ్యాగు బకిల్ మీద పెట్టింది. చూడ్డానికి పడినట్టే ఉంది కానీ, ఒక పక్క పడలేదు.

"కంటికి తెలీదప్పా," అని చెప్పి కోలారులో దిగిపోయింది.

మరుసటి వారం ఆ ఫ్యాక్టరీకి వెళ్ళి లైన్ పక్కన నిలబడ్డాను. బ్రేకు వైరు క్లిప్పులు పెట్టే ఆవిడ చోట ఇంకో అమ్మాయి ఉంది. క్లిప్పు తడిమి చూడటం లేదు. ఎందుకని అడిగాను.

"ముందుండే అక్క చూస్తా ఉండె సార్. ఆమెని ప్యాకింగుకి మార్చినారు," అంది.

మా సాఫ్ట్‌వేర్‌లో ఆ నాలుగు సెకండ్లను వృథాలోంచి తీసి పనిలో కలిపాను. ఫ్యాక్టరీ మేనేజరును ఒప్పించడానికి మూడు మీటింగులు పట్టాయి. ఆవిడను మళ్ళీ లైన్‌కు పిలిచారో లేదో నాకు తెలియదు.