ముల్లు మైనస్‌లోకి పోయిన పూట

డెబ్బైల మొదట్లో నార్సింగి పక్క ఊళ్లో ఒక దొర దగ్గర కారు నడిపేవాణ్ణి. కారు దొరదే కానీ బ్యాటరీ నాదన్నట్టు చూసుకునేవాణ్ణి. వారానికోసారి మూతలు విప్పి డిస్టిల్డ్ వాటర్ పోసేవాణ్ణి. తీగలు బిగించే చోట పేరుకున్న తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగి గ్రీజు రాసేవాణ్ణి. దొర చూసి, "ఏందిరా, చంటిపిల్లకు పాలు తాపినట్టు తాపుతున్నవ్" అని నవ్వేవాడు. నాకు గర్వంగా ఉండేది. సిగ్గులేని గర్వం.

స్టీరింగు దగ్గర చిన్న మీటరు ఉండేది. ముల్లు ప్లస్ వైపు ఉంటే డైనమో బ్యాటరీని నింపుతున్నట్టు, మైనస్ వైపు వాలితే బ్యాటరీ ఖాళీ అవుతున్నట్టు. బండి కాస్త వేగంగా పోతేనే డైనమో పనిచేస్తుంది. నడక వేగంలో అది ఉన్నా లేనట్టే. నాకు వచ్చిన విద్య ఆ మాత్రమే.

ఆ ఏడు ఎన్నికల్లో దొర తన బావమరిదిని నిలబెట్టాడు. కారు మీద మైకు కట్టించి, దాని తీగలు బ్యాటరీకి తగిలించి, ఊరూరా మనిషి నడిచినంత మెల్లగా తిప్పమన్నాడు. ఆ రోజే తెల్లారేసరికి మా అమ్మ కన్ను ఎర్రబడి, నొప్పికి విలవిల్లాడిపోతోంది.

"దొరా, అమ్మను కంటి దవాఖానకు తీస్కపోవాలె" అన్నాను.

"పగటాల దాంక తిప్పు. అటెన్క కారు నీదే, తీస్కపో" అన్నాడు.

ఊరికి బస్సు పొద్దున ఒక్కటే. కారులో హాయిగా పోతుంది కదా అని అమ్మను ఆ బస్సు ఎక్కించలేదు.

కోకాపేట దాటకముందే ముల్లు మైనస్‌లోకి పోయింది. పక్క సీట్లో బావమరిది మైకు పట్టుకొని ఊరికి దవాఖాన తెస్తానని మాటిస్తున్నాడు. "జర బంద్ చేయుండ్రి, బ్యాటరీ డౌనైతది" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దొరకు కోపమొచ్చి కారు ఇవ్వనంటాడేమోనని మింగేశాను. ఏళ్ల తరబడి బ్యాటరీకి చాకిరీ చేసినవాణ్ణి, అది చచ్చిపోతుంటే చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం దొర ఇంటి ముందు ఇంజను ఆపి, అమ్మను తెచ్చి వెనక కూర్చోబెట్టాను. తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంది. బండి ముందు నుంచి ఇంజనుకు హ్యాండిల్ వేసి తిప్పాను. నలుగురం కలిసి తోశాం. ఇంజను అంటుకునేంత కరెంటు కూడా బ్యాటరీలో మిగల్లేదు, లాభం లేకపోయింది. దొర బయటికొచ్చి, "నీళ్లు పోస్తున్నవా, లేదా? నిన్ను నమ్ముడు నాదే తప్పు" అని అందరి ముందూ తిట్టి, అన్నానికి లోపలికి పోయాడు.

ఎడ్లబండిలో పట్నం చేరేసరికి పొద్దు వాలింది. పొద్దున తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాణ్ణన్నాడు డాక్టరు. ఆ కన్ను పోయింది.

బావమరిది గెలిచాడు. కొత్త బ్యాటరీ వచ్చింది. దానికీ నేనే నీళ్లు పోశాను.

ఇంటికొచ్చినవాళ్లు కన్ను సంగతి అడిగితే అమ్మ ఒకటే చెప్పేది: "నా కొడుకు చూసుకుంట ఊకునే రకం కాదు. ముందుగాల్నే చెప్పి ఉంటడు, దొరనే ఇనలే." నేను పక్కనే ఉండేవాణ్ణి. ఆమె బతికినన్నాళ్లూ అలాగే చెప్పుకోనిచ్చాను.