ఎడమకు నడిచే తాబేలు

అన్నపూర్ణగారి ఇంటి తాళంచెవి మొన్నటిదాకా నా దగ్గరే ఉండేది. ఇప్పుడు లేదు. ఆవిడ అడగలేదు, నేనే ఇచ్చేశాను. ఎందుకిచ్చానో చెప్పాలంటే ఆ తాబేలు సంగతి చెప్పాలి.

మాది అశోక్ నగర్‌లో మూడంతస్తుల అపార్ట్‌మెంటు. మొదటి అంతస్తులో నేను, రెండో అంతస్తులో ఆవిడ. నేను పుట్టి పెరిగింది ముషీరాబాద్‌లో. రెవెన్యూ ఆఫీసులో ముప్పై మూడేళ్లు పనిచేసి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. ఎదుటివాళ్ల ఫైలు సరిచేయకపోతే నాకు అన్నం సహించదు. జరిగినదాంట్లో తప్పంతా ఈ గుణానిదే.

అన్నపూర్ణగారిది తెనాలి. పెళ్లయి భర్త సూర్యనారాయణమూర్తిగారితో ఈ ఊరొచ్చారు. ఆయన పనిచేసే ప్రెస్సు మూతపడ్డాక మా సందు చివర కర్రీ పాయింట్ పెట్టారు. ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు గదుల్లో అన్నం మాత్రం వండుకుని కూరకి అక్కడికే వచ్చేవాళ్లు. ఆవిడ వండేవారు, ఆయన కవర్లలో పోసి దారం చుట్టేవారు. గిన్నెలు తోమి బోర్లించాక ఎవరైనా వస్తే నేనయితే అయిపోయింది పొమ్మనేదాన్ని. ఆవిడ మళ్లీ పొయ్యి వెలిగించి నాలుగు టమాటాలు తరిగేవారు. "గుమ్మం దాకా వచ్చినవాళ్లని వెనక్కెలా పంపుతామండీ?" అనేవారు. పేరు ఊరికే పెట్టలేదమ్మా అని నేను వెక్కిరించేదాన్ని.

మూడేళ్ల కిందట మూర్తిగారికి పక్షవాతం వచ్చింది. కర్రీ పాయింట్ మూసేశారు. కాలూ మాటా చాలావరకు తిరిగొచ్చాయి కానీ ఎడమచెయ్యి మొండికేసింది. వ్యాయామం చేయించడానికి వచ్చే హారతి అనే అమ్మాయి, టీవీలో ఆడే గేమ్ కొనుక్కోండి, బొటనవేలికి పని ఉంటుంది అని చెప్పింది. కొన్నారు. పిల్లల ఛానెల్లో వచ్చే ఉడుతా తాబేలూ కార్టూన్ ఉంది కదా, ఆ బొమ్మలతో చేసిన ఆట. అందులో కాల్చుకోవడాలూ పొడుచుకోవడాలూ ఉండవు. వరదలో దారి తప్పిన ఉడుతా తాబేలూ చిక్కులు విప్పుకుంటూ ఇల్లు చేరాలి, అంతే. దారిలో పన్నెండు తలుపులు. ప్రతి తలుపు ముందూ రెండు రాళ్లు. ఇద్దరూ చెరో రాయి మీద ఒకేసారి నిలబడితేనే తలుపు తెరుచుకుంటుంది. ఒక్కరే చేరితే లాభం లేదు.

ఆవిడ ఉడుత, ఆయన తాబేలు, చెరో రిమోట్. బొమ్మని నడిపే బొడిపె ఒకటి ఆ రిమోట్ మీద ఉంటుంది. మూర్తిగారు వేలు ఆనించగానే అది ఎడమకి వాలిపోయేది. తాబేలు వెళ్లి ఎడమ గోడకి గుద్దుకునేది. రోజూ నాలుగింటికి "అటు కాదండీ, ఇటు!" అని ఆవిడ గొంతు, "వస్తున్నానే, ఉండు" అని ఆయన గొంతు కింద నా వంటింట్లోకి వినిపించేవి. మొగుడూ పెళ్లాల కీచులాట అంత ముద్దుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

నిరుడు శ్రావణంలో ఒకరోజు ఆట మధ్యలో ఆవిడ కాఫీ కలపడానికి లేచారు. రెండు గ్లాసులతో తిరిగొచ్చేసరికి ఆయన తల పక్కకి వాలి ఉంది. వేలు మాత్రం బొడిపె మీదే ఉంది. తెర మీద తాబేలు గోడకి ఆనుకుని ఇంకా కాళ్లాడిస్తూనే ఉందట.

నెల తిరిగాక ఆవిడ మళ్లీ టీవీ పెట్టారు. ఆయన రిమోట్ కుర్చీలో, మడతపెట్టిన తువ్వాలు మీద ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. తాబేలు కదిలింది, నెమ్మదిగా, ఎడమకి.

ఆ తర్వాత ఒకరోజు గిన్నె తిరిగిద్దామని పైకి వెళ్లి నేనూ చూశాను. ఖాళీ కుర్చీ. దాని పక్కన పొగలు కక్కే కాఫీ గ్లాసు. ఎవరూ నడపకుండా నడుస్తున్న తాబేలు. గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను.

"చూశారా దమయంతిగారూ, ఎంత నింపాదిగా వస్తున్నారో! ఆయన నడకే అంత," అన్నారు ఆవిడ నవ్వుతూ.

ఆ రిమోట్‌ని ఆవిడ ముట్టుకునేవారు కాదు. ఆయన ఎడమకే వస్తారు కనక, ఉడుతతో అడ్డు రాళ్లు తోయించి, పలకలు పరిపించి, తాబేలు తన మానాన తను నడిచొచ్చి రాయి ఎక్కేలా దారి చేసేవారు. ఒక్కో తలుపుకి వారాలు పట్టేది. ఎనిమిది నెలల్లో పదకొండు తలుపులు దాటించారు. ఇక మిగిలింది ఒక్కటి, దాని వెనకే ఇల్లు. "ఆయన్ని ఇంట్లోకి చేర్చేస్తే నా పని అయిపోతుందండీ," అనేవారు. పని అయిపోవడమంటే ఏమిటో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నారాయణగూడలో సెల్‌ఫోన్లూ ఈ రిమోట్లూ బాగుచేసే శ్రీశైలం మావాళ్లకి తెలిసినవాడే. అతన్ని అడిగాను.

"దయ్యం లేదు గియ్యం లేదక్కా," అని నవ్వాడు. "ఒక్క దిక్కే ఒత్తి ఒత్తి లోపలి ముక్క అరిగింది. చెయ్యి పెట్టకున్నా అటే పోతది. తెచ్చియ్యి, పది నిమిషాల పని."

సగం ఆవిడ కోసం, సగం నా కోసం ఆ పని చేశాను. నిజం దాచి లాభమేముంది, ఆ తాబేలు నా కలల్లోకి కూడా వస్తోంది. శనివారం ఆవిడ చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తారు, రెండో తాళంచెవి ఎప్పుడూ నా దగ్గరే ఉండేది. వచ్చేటప్పుడు కూరగాయలు తెచ్చుకుంటారు, గంటన్నర పడుతుంది. రిమోట్ సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. ఆవిడ తిరిగొచ్చేసరికి అది మళ్లీ తువ్వాలు మీదే ఉంది.

నాలుగింటికి పనిగట్టుకుని పైకి వెళ్లాను. ఆవిడ ఉడుతని రాయి పక్కన నిలబెట్టి చూస్తున్నారు. తాబేలు కదల్లేదు. "వస్తారు, నిద్రమత్తేమో," అన్నారు. అరగంట గడిచింది. కాఫీ మీద మీగడ కట్టింది. ఆవిడ ఖాళీ కుర్చీ వైపు వంగి మెల్లగా అడిగారు.

"ఏమండీ, నామీద కోపమొచ్చిందా?"

ఇక నేను ఆగలేకపోయాను. నా ఘనకార్యమంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. "అప్పుడు నేను కాఫీకి లేచి వచ్చేసరికి చెప్పకుండా వెళ్లిపోయారు. ఇప్పుడు గుడికి వెళ్లొచ్చేసరికి..." అని ఆగిపోయారు. తిడితే బాగుండేది. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

సోమవారం పొద్దున్నే శ్రీశైలం కొట్టు ముందు నిలబడ్డాను. పాత ముక్క తిరిగి కావాలని అడిగితే అతను బిస్కట్ల డబ్బా ఒకటి తీసి బల్ల మీద గుమ్మరించాడు.

"ఈ నెలల తీసినయన్ని ఈ డబ్బలనే ఉన్నయక్కా. ఏది మీదో నాకేమెరుక?"

కుప్ప పడ్డాయి ముక్కలు. ఎవరెవరి వేళ్లకో అరిగినవి. ఒక్కొక్కటి తగిలించి చూశాడు. ఒకటి పైకి లాగింది, ఇంకొకటి కుడికి. ఎడమకి లాగేవి నాలుగు తేలాయి.

"ఏదైతేంది? ఎడమకు పోవుడే కద నీకు కావాల్సింది," అన్నాడు.

అవునన్నాను. అందులో ఒకటి వేయించుకున్నాను. తిరిగొస్తున్నంతసేపూ సంచిని ఒళ్లో పెట్టుకోవడానికి జంకి పక్కన పెట్టాను. లోపల ఉన్నది ఎవరి వేలో నాకు తెలియదు.

"దొరికిందండీ, గదే ఇది," అని అబద్ధం చెప్పి రిమోట్ తువ్వాలు మీద పెట్టాను. ఆవిడ ముఖం వెలిగింది. టీవీ పెట్టారు. తాబేలు కదిలింది, ఎడమకే. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆవిడ ముందుకి వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"ఈయన తొందరగా నడుస్తున్నారు," అన్నారు. "మా ఆయన కాదండీ."

ఎనిమిది నెలలుగా ఆయన కోసం వేసిన దారిలో ఆ తాబేలు గబగబా నడిచొచ్చి రాయి ఎక్కింది. గోడకి ఆనుకుని కాళ్లాడించడం మొదలుపెట్టింది. ఉడుత తన రాయికి ఒక్క అడుగు దూరంలో ఉంది.

"వద్దండీ, బంద్ చేద్దాం," అన్నాను.

"ఎవరో ఏమో, పాపం," అన్నారు ఆవిడ. "గుమ్మం దాకా వచ్చారు."

ఉడుతని ఒక్క అడుగు జరిపారు. తలుపు తెరుచుకుంది. ఉడుతా తాబేలూ లోపలికి వెళ్లాయి. కిటికీలో దీపం వెలిగింది, పాట వచ్చింది, పిల్లలెవరో చప్పట్లు కొట్టారు. వాటి వెనక తలుపు మూసుకుంది.

ఆవిడ టీవీ ఆపారు. నేను కొంగుకి కట్టుకున్న తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టాను. అప్పుడు నా వైపు తిరిగి, కోపం ఏమాత్రం లేకుండా అడిగారు.

"ఇప్పుడు ఆయన వస్తే తలుపు ఎవరు తీస్తారు, దమయంతిగారూ?"