సొల్యూషన్ భయం పోయిన రోజు

నవ్వకుండ్రి, ముందుగాల్నే చెప్తున్న. మొన్న ఆదివారం మా ఇంటి మీద వెయ్యి లీటర్ల నీళ్లున్నయి, ఇంట్ల మాత్రం చుక్క లేదు. అడిగినోళ్లందరికి కోతులు చేసినయని చెప్తున్న. మీరు మనోళ్లు గాబట్టి అసలు సంగతి చెప్త. జర కూసోనియ్యుండ్రి, చాయ్ పోయుండ్రి.

ఆదివారం మా ఆడిబిడ్డ సరితకు ఒడిబియ్యం పెట్టుకున్నం. పెండ్లయిన పిల్లను పుట్టింటికి పిల్చి, ఒడిల బియ్యం పోసి, చీర పెట్టి పంపుడు. అత్తగారోళ్లు గూడ వస్తరు. దీంట్ల ఏం కష్టం లేదు. కష్టమంత సరిత అత్తతోని. ఐదేండ్ల కింద పోసినప్పుడు ఆమె తలస్నానం చేస్తుంటె నడిమిట్ల నీళ్లయిపోయినయి. నెత్తికి కుంకుడు రసం పెట్టుకొని, కండ్లు మూస్కొని, నీళ్లు నీళ్లని ఒర్రుకుంట నిలబడ్డది పాపం. గా దినం సంది సరిత ఏం చేసినా, కూరల ఉప్పెక్కువైనా సరే, "నీళ్లకు గతిలేని ఇంటి పిల్ల" అనుడే. ఐదేండ్ల సంది పడుతుంది. పిలుపుకు ఫోన్ చేస్తె సరిత నాతోని ఒక్కటే మాటన్నది: "వదినా, నాకు చీర పెట్టకున్నా మంచిదే. నీళ్లు మాత్రం ఉండేటట్టు చూడు."

సరే, చూస్తనన్న. శనివారం పొద్దుగాల కోతులొచ్చినయి. కరీంనగర్ కోతుల గురించి నేను కొత్తగ చెప్పేదేముంది. ట్యాంకి పైపు పట్టుకొని ఊగినయి, పైపు మలుపు కాడి ఎల్బో పుటుక్కుమన్నది, ఉన్న నీళ్లన్ని గోడ పొంటి కారిపోయినయి. మా ప్లంబర్ సలీం భాయ్‌కి ఫోన్ కొట్టిన. ఆయిన ఆసిఫాబాద్‌ల మరదలి పెండ్లిల ఉన్నడు. ఎనుక బ్యాండు మోగుతుంది.

"అక్కా, నేను సోమారం గాని రాను. పరేషాన్ గాకుండ్రి. ఎల్బో తెచ్చి సొల్యూషన్ పూసి మీరే అతికియ్యుండ్రి. రెండు నిమిషాల పని."

గా రెండు నిమిషాలంటెనే నాకు భయం. నేను పని రానిదాన్ని గాదు. మా ఆయిన బొగ్గు బాయిల పని చేస్తడు, అక్కడ్నే కంపెనీ క్వార్టర్ల ఉంటడు, వారానికోసారి వస్తడు. పిల్లల చదువులకని నేను, అత్తమ్మ ఇక్కడ. ఫ్యూజు నేనే వేస్త, ఫ్యాన్ నేనే విప్పుత, కుక్కర్ పిడి నేనే బిగిస్త. స్క్రూ తప్పైతె విప్పొచ్చు. కుట్టు తప్పైతె ఊడదీయొచ్చు. అతికిచ్చుడు గట్ల గాదు, ఒక్కసారి అతికితె ఇగ అంతే. పోయినేడు మిక్సీ మూత అతికిచ్చబోయి నా చూపుడువేలు, బొటనవేలు కలిపి అతికిచ్చుకున్న. ఆ పూట నేను పనిచేసే ఆఫీసుల ఎవరు చూసినా నేను ముక్కుపొడి పట్టుకొని తిరుగుతున్నట్టే ఉన్నది.

అయినా తప్పదు గద. హార్డ్‌వేర్ షాపుకు పోయిన. "మిస్త్రీ రాలేదా అక్కా?" అన్నడు దుకాణపాయిన. "నేనే మిస్త్రీని" అన్న, ఓపిక లేక. పనిల పని నీళ్లు ఇడిసి బందుపెట్టే వాల్ గూడ మార్చుండ్రి, పాతది ఎన్నాళ్లుంటదని కొత్త వాల్ చేతుల పెట్టిండు.

ఇంటికొచ్చి డాబ మీద చాపేసుకొని కూసున్న. సొల్యూషన్ డబ్బ మూత తియ్యబుద్ధైతలేదు. ముందుగాల ఉత్తగనే బిగిచ్చి చూసిన. మంచిగ కుదిరింది. విప్పిన. పెన్నుతోని గీత పెట్టిన. మల్ల బిగిచ్చిన, మల్ల విప్పిన. ఎండ గోడ మీదికెల్లి నా చాప మీదికొచ్చింది. కిందికెల్లి అత్తమ్మ అడుగుతనే ఉన్నది.

"అయిందా బిడ్డా?"

"గీత పెడుతున్న అత్తమ్మా."

"పొద్దటి సంది గీతలేనా? పైపు పెడుతున్నవా, ముగ్గు పెడుతున్నవా?"

ఆఖరికి ఆమెనే మోకాళ్లు పట్టుకుంట పైకొచ్చింది. నా మొఖం చూసి, "ముందుగాల పాత ముక్కల మీద చేసి చూడరాదు" అన్నది. మంచి మాటనే. రెండు పాత పైపు ముక్కలకు సొల్యూషన్ పూసి, రెంటిని కలిపే కప్లింగ్‌ల నూకి, ముప్పై దాక లెక్కపెట్టిన. ఆ కొస అత్తమ్మ పట్టుకున్నది, ఈ కొస నేను. గుంజినం, రాలే. నేను కాలు గోడకు తన్నిపెట్టి గుంజిన. అత్తమ్మ నా మీదికొచ్చింది గని పైపు ఊడలే.

గంతే, నా భయం పోయింది. నిజం చెప్పాలంటె భయం తోని కొంచెం తెలివి గూడ పోయింది. జర్రంత పూస్తెనే గింత గట్టిగుంటె, ఎక్కువ పోస్తె ఎంత గట్టిగుంటదని లెక్కేసిన. ఎల్బోకు దట్టంగ పూసిన, పైపుకు దట్టంగ పూసిన. ఇగ వాల్ మిగిలింది. నేను జాగ్రత్త మనిషిని గద, నీళ్లు కారద్దని ముందుగాల్నే వాల్ మూసి పెట్టిన. దాన్ని నిలువుగ నిలబెట్టి, రేపు కారితె సరిత బతుకు ఏంగావాలె అనుకుంట, పప్పుల నెయ్యి పోసినట్టు పోసిన. సొల్యూషన్ మెల్లగ లోపటికి దిగింది. మంచిగ తాగుతుంది అనుకొని ఇంకింత పోసిన.

తెల్లారేదాక ముట్టద్దని సలీం భాయ్ చెప్పిండు. ముట్టలే. గదొక్కటి మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసిన.

ఆదివారం తెల్లారంగనే నల్లా వచ్చింది. మాకు సంపు లేదు. దినం తప్పి దినం వచ్చే నీళ్లను మోటర్ పెట్టి సీదా ట్యాంకికే ఎక్కిస్తం. ట్యాంకి నిండి పొర్లింది. జాయింట్లకు చెయ్యి పెట్టి చూసిన, తడి లేదు. ఆ సంబురంల డ్రమ్ములల్ల పట్టి పెట్టిన నీళ్లన్ని పోసి ఇల్లు కడిగిన, వాకిలి కడిగిన, ఆఖరికి గేటు గూడ కడిగిన. తొమ్మిదింటికి మా ఆయిన డ్యూటీ దిగి బస్సుల వచ్చిండు. పైపు సుట్టు తిరిగి చూసి, "నువ్వే చేసినవా?" అన్నడు. ఇరవై ఏండ్ల సంసారంల నా పనిని గట్ల చూసుడు గదే మొదలు.

ఆయిన ఎనుకనే కారాగింది. సరిత, ఆమె పెనిమిటి, అత్త, మామ దిగిన్రు. కాళ్లకు నీళ్లియ్యాలె. నేను ఉరుక్కుంట పైకి పోయి వాల్ తిప్పిన. తిరగలే. ఇంకింత గట్టిగ తిప్పిన. పిడి ఊడి నా చేతులకొచ్చింది. వాల్ మూసింది మూసినట్టే ఉన్నది.

కిందికెల్లి సరిత అత్త గొంతు ఇనబడ్డది. "ఏమాయె, ఈసారి గూడ నీళ్లు లేవా?"

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఇంట్ల ఉన్న నీళ్లు గవే.

మల్ల సలీం భాయ్‌కే ఫోన్ చేసిన. ఆయిన అంత ఇని బ్యాండు కాడికెల్లి పక్కకు జరిగిండు. తర్వాత మెల్లగ అడిగిండు. "అక్కా, సొల్యూషన్ వాల్ లోపట పోసిన్రా? వాల్ తెరిచి పెట్టి, పైపుకు సన్నగ పూస్తరు. గిప్పుడు అది వాల్ గాదు, బిరడ."

"కొయ్యాల్నా భాయ్?"

"కోస్తె ట్యాంకంత మల్ల గోడ పొంటే పోతది. ముట్టకుండ్రి."

మా ఆయిన అంత ఇన్నడు. "బాయిల నీళ్లు ఎత్తిపోసుడుకు మేం మూడు షిఫ్టులు మోటర్లు నడుపుతం. నిన్ను పట్టుకపోతె ఒక్క డబ్బతోని ఆపుదువు" అన్నడు. నాకు నవ్వు రాలే. సరిత వంట రూంల గోడకు ఆనుకొని నిలబడ్డది, దాని మొఖం చూడబుద్ధి గాలే.

ఇగ చేసేదేముంది. ట్యాంకి మూత తీసి, బకెట్‌కు తాడు కట్టి తోడుడే. మా ఆయిన ట్యాంకి కాడ, సరిత పెనిమిటి డాబ మీద, నేను మెట్ల మీద. పది బకెట్లకే నా రెక్కలు పడిపోయినయి. గంతల ఎవరో నా చేతులకెల్లి బకెట్ గుంజుకున్నరు. చూస్తె సరిత అత్త. పట్టుచీర కుచ్చిళ్లు నడుముకు చెక్కి నిలబడ్డది.

"మీరెందుకు, కూసోండ్రి" అన్న.

"కూసుంటె నాకు నీళ్లెవలు పోస్తరు? పోయినసారి నీళ్లు లేకపాయె. ఈసారి ఉన్నయి గని దిగకపాయె. వచ్చేసారి అవి కిందికి దిగినంకనే మమ్మల్ని పిలువుండ్రి."

అనుకుంటనే మోసింది. నా కంటె రెండు బకెట్లు ఎక్కువనే మోసింది, ఒక్కో బకెట్‌కు ఒక్కో మాట. అందరి స్నానాలైనయి, వంటైంది, సరితకు ఒడి నిండ బియ్యం పోసినం. పొయ్యేటప్పుడు సరిత నా చెవుల చెప్పింది: "ఇంకో పదేండ్లకు సరిపోను దొరికింది వదినా, మా అత్తకు." నేను దాని చెయ్యి పట్టుకున్న.

సోమారం సలీం భాయ్ వచ్చి వాల్ కోసి తీసేసిండు. "అతుకులు మాత్రం పక్కా ఉన్నయి అక్కా" అన్నడు. మంచోడు, ఏదో ఒకటి అనాలె గద.

పొద్దుమూకి సరిత ఫోన్ చేసింది.

"వదినా, ఇంటికొచ్చినప్పటి సంది మా అత్త నన్ను ఒక్క మాట అనలే."

నాకు పానం లేచొచ్చింది. "నిజంగనా?"

"నిజంగనే. బకెట్లు మోసి నడుం పట్టింది. మూలుగుడుకే టైం సాలుతలేదు. నాలుగు రోజులు మంచం దిగద్దన్నడు డాక్టర్."

"నాలుగు రోజులైనంక?"

"గప్పుడు నీతోనే మాట్లాడుతదట. ఫోన్ నంబర్ తీసుకున్నది."

ఇయ్యాల్టికి మూడో రోజు. ఎల్లుండి సంది నా ఫోన్ కలుస్తలేదని ఎవరన్న మిమ్మల్ని అడిగితె, అండ్ల సొల్యూషన్ పోసుకున్నదని చెప్పుండ్రి. నమ్ముతరు.