లెవీ గోదాం హోటలు

తొండుపల్లి రేణుకమ్మ నాలుగేళ్ళుగా నిలబడే అన్నం తింటోంది. పొయ్యి పక్కన గోడకు ఆనుకొని నాలుగు ముద్దలు మింగేది, లేదంటే రొట్టె చేతిలో పట్టుకొని చేను గట్టు మీద నడుస్తూ కొరుక్కునేది. కూర్చుంటే చాలు, చనిపోయిన భర్త సోమయ్య కూడా ఎదురుగా వచ్చి కూర్చునేవాడు. మాట్లాడేవాడు కాదు. ఆమె చేతిలోని ముద్ద వంకే చూసేవాడు. ఆ చూపు ముందు ముద్ద గొంతు దిగేది కాదు.

పొరుగామె ఒకతె జాలిపడి తాయెత్తు కట్టించింది. తాయెత్తు జబ్బకు ఉండిపోయింది, సోమయ్యా ఎదురుగానే ఉండిపోయాడు. కొన్నాళ్ళకు ఊళ్ళో వాళ్ళు అడగడం మానేశారు. పెళ్ళికో పబ్బానికో వెళితే బంతిలో కూర్చోబెట్టకుండా, ఒక ముద్ద కలిపి చేతికే ఇచ్చేవారు.

ఆమె బతుకుతెరువు విస్తళ్ళు కుట్టడం. మోదుగాకు కోసుకొచ్చి, ఆరబెట్టి, బరువు కింద అణగబెట్టి, చీపురు పుల్లలతో గుండ్రంగా కుట్టేది. ఉన్న నాలుగెకరాలు తమ్ముడు కుర్మయ్య చేస్తున్నాడు. పెళ్ళాం పిల్లలతో అతను పక్క ఇంట్లోనే ఉంటాడు. ఆమె కుట్టిన కట్టలు కావడి మీద మోసుకుపోయి అమ్ముకొచ్చేదీ అతనే.

నలభై తొమ్మిదిలో, ఉగాది వెళ్ళిన కొద్ది రోజులకు, కుర్మయ్య శంషాబాదు నుంచి మంచి ఉషారుగా వచ్చాడు. కర్నూలు రోడ్డు మీద, బస్సులు ఆగే చోట కొత్తగా హోటలు పడిందట. తెనాలి వైపు నుంచి వచ్చిన రామచంద్రయ్య అనే ఆయన పెట్టాడట. మన విస్తళ్ళు చూసి మెచ్చి, వారం వారం తెమ్మన్నాడట. పైగా ఊరికే ఫలహారం కూడా పెట్టించాడట.

"ఇడ్లీ అంటరక్కా దాన్ని. తెల్లగ, మెత్తగ, దూది తీరు ఉంటది. నమలనే అక్కర లేదు. మన అవ్వ బతికుంటే దినాం గదే తింటుండె," అన్నాడు.

అతని పెళ్ళాం నవ్వింది. రేణుకమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత నెలంతా కుర్మయ్య నోట హోటలు ముచ్చట్లే. పప్పులో వేసే ఇంగువ, కొబ్బరి పచ్చడి, అన్నం మీద కరిగించి పోసే నెయ్యి, పెద్ద పెద్ద ముద్దలు చుట్టే బస్సు డ్రైవరు, కారం చాలదని వంటవాడితో పోట్లాడిన బండివాడు. రేణుకమ్మ విస్తరి కుడుతూ వినేది. తన చేతి ఆకు మీద ఎక్కడెక్కడి వాళ్ళో కడుపునిండా తింటున్నారంటే ఆమెకు బాగుండేది. ఆ నెల కుట్టు కూడా కాస్త దగ్గర దగ్గరగా పడింది.

ఒక రోజు కుర్మయ్యకు మాట జారింది. ఊరి వాళ్ళు అంతా ఆ హోటలును లెవీ గోదాం హోటలు అంటారని చెప్పేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. రేణుకమ్మ చేతిలో పుల్ల విరిగింది.

లెవీ గోదాంలోనే సోమయ్య చచ్చిపోయాడు.

అది యుద్ధం చివరి ఏడాది. ఎకరానికి ఇంత ధాన్యం లెవీ కింద సర్కారుకు కొలవాలని లెక్క కట్టారు. ఆ ఏడు వానలు సరిగా పడలేదు. పండిందంతా కొలిచినా లెక్క తీరలేదు. సోమయ్య విత్తనాల జొన్నలు ఒక కుండలో పోసి పశువుల కొట్టంలో పాతిపెట్టాడు. అవి కూడా పోతే మరుసటి ఏడు చేలో ఏం చల్లాలి? వసూలుకొచ్చిన సర్కారు అధికారి గిర్దావరు, అతని మనుషులు ఇనుప కడ్డీలతో నేలంతా పొడిచి కుండను పట్టుకున్నారు. ఒక కుండ దొరికితే ఇంకా పది ఉంటాయని వాళ్ళ నమ్మకం. మిగతావి చూపించే దాకా ఉండమని సోమయ్యను తీసుకుపోయి గోదాంలో బస్తాల మధ్య వేసి తాళం పెట్టారు. అప్పటికే అతనికి ఒళ్ళు కాలిపోతోంది.

మూడు రోజులు రేణుకమ్మ జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం మూట కట్టుకొని తొండుపల్లి నుంచి నడిచి వెళ్ళింది. లోపలికి పోనివ్వలేదు. తలుపు దగ్గర కావలి ఉండే బుచ్చయ్య అనే మనిషి మూట తీసుకునేవాడు. సాయంత్రం దాకా వేపచెట్టు కింద కూర్చుంటే ఖాళీ గుడ్డ తెచ్చి ఇచ్చేవాడు. తిన్నాడని చెప్పేవాడు. నాలుగో రోజు పొద్దున మూటతో వెళ్ళేసరికి శవాన్ని వరండాలో పడుకోబెట్టి ఉంచారు.

స్నానం చేయించేటప్పుడు సోమయ్య పళ్ళ సందుల్లో పచ్చి జొన్న గింజలు కనిపించాయి. రొట్టె తిన్న మనిషి పచ్చి గింజలు ఎందుకు నములుతాడు? అడుగుదామంటే బుచ్చయ్య ఆ వారంలోనే బాలాపూర్ వైపు వెళ్ళిపోయాడన్నారు. ఆ ప్రశ్న ఆమెలో అలాగే ఉండిపోయింది. సోమయ్య ఎదురుగా వచ్చి కూర్చోవడం ఆ తర్వాతే మొదలైంది.

హోటలు సంగతి తెలిశాక రెండు వారాలు ఆమె విస్తరి ముట్టలేదు. కుర్మయ్య బతిమాలాడు. వద్దంటే ఇంకొకరికి అమ్ముదామన్నాడు. మూడో వారం ఆమె తనంతట తానే ఆకులు ముందేసుకుంది. కట్టలు తయారయ్యాక కావడి వెంట తాను కూడా వస్తానంది.

గోదాంకు సున్నం వేశారు. తలుపులకు నీలం రంగు పూశారు. ముందు తాటాకు పందిరి వేసి బల్లలు పరిచారు. పందిరి కింద జనం కిటకిటలాడుతున్నారు. లోపలి గది మాత్రం ఖాళీ. విస్తళ్ళు, గ్లాసులు సర్ది పెట్టినా ఒక్క మనిషి కూడా అక్కడ కూర్చోలేదు.

రామచంద్రయ్య నలభై ఏళ్ళ మనిషి. మాట నెమ్మది. విస్తళ్ళు కుట్టేది ఈమేనని తెలిసి ఎంతో మర్యాద చేశాడు. "కూర్చోండమ్మా, ఎండలో వచ్చారు. లోపల చల్లగా ఉంటుంది, కాస్త భోంచేసి వెళ్ళండి," అన్నాడు. తర్వాత తనే మొహమాటంగా, ఆ లోపలి గదిలో ఎందుకో ఎవరూ కూర్చోరని, పందిట్లో చోటు లేకపోతే తిరిగి వెళ్ళిపోతారు గానీ అక్కడికి రారని, కారణం అడిగితే నీళ్ళు నములుతారని చెప్పుకొచ్చాడు.

కుర్మయ్య అక్క ముఖం వంక చూశాడు. రేణుకమ్మ ఏమీ దాచలేదు. ఉన్నది ఉన్నట్టు రెండు ముక్కల్లో చెప్పింది. రామచంద్రయ్య లోపలి గది వంక తిరిగి చూశాడు. తనకు ఎవరూ చెప్పలేదని, ఇల్లు కిరాయికి ఇచ్చిన సేటు కూడా చెప్పలేదని మాత్రం అన్నాడు. శాంతి చేయిస్తానన్నాడు. ఆమెకు కష్టంగా ఉంటే హోటలే ఎత్తేస్తాననే దాకా వెళ్ళాడు.

ఆమె ఆ మాట వినడం లేదు. గది వెనక తలుపులోంచి దొడ్డి కనిపిస్తోంది. దొడ్డిలో రుబ్బురోలు ముందు ఒక మనిషి కూర్చొని మినప్పప్పు రుబ్బుతున్నాడు. ఆమె గొంతు విన్నప్పటి నుంచి అతను తల ఎత్తడం లేదు. వీపు చూసే పోల్చుకుంది. మూట తీసుకొని గోదాం వెనక్కు వెళ్ళేటప్పుడు మూడు రోజులు ఆ వీపునే చూసింది.

బాలాపూర్ నుంచి తిరిగొచ్చిన పాత కావలివాడిని సేటు ఇంటితో పాటే హోటలుకు అప్పగించాడు. నీళ్ళు చేదడం, పిండి రుబ్బడం అతని పని. కుర్మయ్య అతన్ని అంతకు ముందు ఎప్పుడూ చూసి ఎరగడు.

రేణుకమ్మ గదిలో అడుగు పెట్టకుండా, ఇంటి చుట్టూ తిరిగి దొడ్లోకి వెళ్ళింది.

"బుచ్చన్నా, నన్ను గుర్తు పట్టినవా?"

రోలు ఆగింది. "పట్టిన అక్కా. ఒక దినం నువ్వొస్తవని తెలుసు."

"ఒక్కటే ముచ్చట అడుగుత. నా సద్ది లోపలికి పోయిందా?"

అతను చేతికంటిన పిండిని వేళ్ళతో మెల్లగా తుడుచుకున్నాడు. ఎంతకీ తుడవడం పూర్తి కాలేదు.

"మొదటి దినం పోయింది," అన్నాడు చివరికి. "తెల్లారి గిర్దావరు చూసిండు. దాచిన గింజలు బయటికొచ్చే దాకా మెతుకు గూడ పోవద్దన్నడు. తాళం చెవి తన మొలకు కట్టుకున్నడు. ఇగ తలుపు తెరవలే. నీళ్ళకు గుడ్డ తడిపి తలుపు కిందికెల్లి తోసిన."

"మరి మూట?"

"నేను తిన్న."

బుచ్చయ్య అక్కడితో ఆగలేదు. ఆ ఏడు తన ఇంట్లో కూడా గింజ లేదని, మూట పారేశానని అబద్ధం చెప్పవచ్చు గానీ చెప్పనని, వెనక తలుపు పక్కన కూర్చొనే తిన్నానని అన్నాడు. తలుపు చెక్కల సందుల్లోంచి ఎల్లిపాయ కారం వాసన లోపలికి పోయింది. లోపలి నుంచి సోమయ్య పిలిచాడు.

"మా ఇంటిది వచ్చిందా అన్నడు. వచ్చింది అన్న. తర్వాత, నేను తిన్ననని చెప్పు, లేకుంటే అది తినదు అన్నడు. గదే చెప్పిన నీకు. రెండు దినాలు గదే చెప్పిన."

రేణుకమ్మ బావి గట్టు పట్టుకొని నిలబడింది. ఆ మాట సోమయ్యదే అనిపించింది. అతను అలాగే అంటాడు. మరుక్షణం, నాలుగేళ్ళుగా మోస్తున్న బరువు దించుకోవడానికి బుచ్చయ్య అల్లుకున్న మాటేమో అనిపించింది. అతని ముఖంలోకి చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ అవి పొయ్యి పొగకు కూడా ఎర్రబడి ఉండవచ్చు. ఏది నిజమో చెప్పగలిగిన మూడో మనిషి లేడు.

ఆమె తిరిగి ముందుకు వచ్చి, రామచంద్రయ్యతో భోజనం చేస్తానంది. లోపలి గదిలోనే చేస్తానంది. ఆడమనిషి హోటలులో కూర్చొని తినడం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. పందిరి కింద మాటలు ఆగిపోయాయి. కుర్మయ్య వారించబోయాడు గానీ ఆమె అప్పటికే గుమ్మం దాటింది.

సున్నం వాసన కింద జొన్నల వాసన ఇంకా ఉంది. నేల పగుళ్ళలో పాత గింజలు ఇరుక్కొని నల్లబడి ఉన్నాయి. వెనక గోడ వైపు చీకటిగా ఉంది. ఆమె గోడకు ఎదురుగా చాప మీద కూర్చుంది. సోమయ్య అక్కడే ఉన్నాడు. తన ఇంట్లో కనిపించినట్టు కూర్చొని కాదు, గోడకు చేరగిలబడి, మోకాళ్ళు దగ్గరకు తీసుకొని ఉన్నాడు. ఇన్నేళ్ళూ అతను తన ఇంటికి రాలేదేమో, ఈ గదే తన వెంట వచ్చిందేమో అని ఆమెకు అనిపించింది.

వడ్డించేవాడు గుమ్మం దగ్గరే తటపటాయించాడు. ఆమె అతన్ని వద్దంది. బుచ్చయ్యను వడ్డించమంది.

బుచ్చయ్య అన్నం గిన్నెతో వచ్చాడు. కొంత అన్నం విస్తరి అంచు దాటి పడింది. పప్పు వేశాడు. ఇంగువ వాసన ఆమెకు కొత్త. నాలుగు ముద్దలు తిన్నది. అయిదో ముద్ద పోలేదు. చేయి కడుక్కొని లేచి, కుర్మయ్యను తీసుకొని తొండుపల్లికి నడిచింది.

ఆనాటి నుంచి ప్రతి మంగళవారం ఆమే కట్టలు మోసుకొచ్చేది. లోపలి గదిలో కూర్చునేది. బుచ్చయ్య వడ్డించేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. అతన్ని క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు, అతనూ అడగలేదు. ఒకసారి రామచంద్రయ్య ఉండబట్టలేక, ఎందుకమ్మా అతని చేతి అన్నమే తింటారు, మీకు కష్టంగా ఉండదా అని అడిగాడు.

"ఈ గదిలకు అన్నం బుచ్చన్న చేతులకెల్లే రావాలె," అంది.

ఇంట్లో ఆమె కూర్చొని తినడం మొదలుపెట్టింది. సోమయ్య ఇంటికి రావడం తగ్గింది. హోటలు గదిలో మాత్రం ప్రతి మంగళవారం ఉండేవాడు. వెనక గోడ దగ్గర ఒక మనిషి పట్టేంత చోటు వదిలి బుచ్చయ్య చాప పరిచేవాడు. చెప్పకుండానే అలా పరిచేవాడు. అతనికి కూడా కనిపిస్తున్నాడని ఆమెకు అర్థమైంది. భయం వేయలేదు. కొంచెం తోడుగా కూడా అనిపించింది.

శ్రావణంలో ఒక మంగళవారం ముసురు పట్టింది. కర్నూలు నుంచి వచ్చిన బస్సు బురదలో దిగబడి, ప్రయాణికులంతా హోటలులోకి వచ్చిపడ్డారు. పందిరి కారుతోంది. ఊరివాడు కాని ఒక మనిషి, ముప్పై ఏళ్ళు ఉంటాయేమో, తలగుడ్డ పిండుకుంటూ నేరుగా లోపలి గదిలోకి వచ్చాడు. చుట్టూ చూసి, ఖాళీగా ఉందని వెనక గోడ దగ్గర సోమయ్యకు వదిలిన చోటులోనే చతికిలబడి గోడకు ఆనుకున్నాడు.

రేణుకమ్మ చేయి విస్తరి మీదే ఆగిపోయింది. గుమ్మంలో బుచ్చయ్య అన్నం గిన్నెతో నిలుచుండిపోయాడు. ఆ మనిషికి ఇవేమీ తెలియవు. నిన్నటి నుంచి తిండి లేదని, తొందరగా పెట్టమని అన్నాడు.

బుచ్చయ్య ఆమె వంక చూశాడు. ఆమె తల ఊపింది.

అతను వెళ్ళి విస్తరి పరిచి, నీళ్ళు చల్లి, అన్నం పెట్టాడు. ఆ మనిషి తల దించుకొని గబగబా తిన్నాడు. పొలమారితే నీళ్ళు తాగి మళ్ళీ తిన్నాడు. ఇంకొంచెం పెట్టమన్నాడు. బుచ్చయ్య పెట్టాడు. మళ్ళీ అడిగాడు, మళ్ళీ పెట్టాడు. బయట వాన, పందిరి కింద జనం గోల. రేణుకమ్మ ఆ మనిషి దవడ కదలిక చూస్తూ కూర్చుంది. అతని వెనక గోడ దగ్గర ఎవరూ లేరు, సున్నం చెమ్మగిలి మరకలు కట్టి ఉంది. ఉన్నట్టుండి ఆమెకు భర్త ముఖం గుర్తుకు రాలేదు. ఎంత తలుచుకున్నా రాలేదు. బుచ్చయ్యను పిలిచి, ఆయన ఎట్లుండె, నీకు యాదికున్నదా అని అడిగింది. బుచ్చయ్య గిన్నె కింద పెట్టి, గోడ వంక చూసి, తెలియడం లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.