కాల్చని అతుకు

పోయిన వారం బొబ్బిలిలో పళ్ల డాక్టరమ్మ నా దవడ అచ్చు తీయడానికి రెండు గొట్టాలున్న చిన్న తుపాకీలాంటి పరికరం చేతిలోకి తీసుకోగానే, నోరు తెరుచుకుని కూర్చున్న నేను ఉండబట్టలేక, మొదట వచ్చే రవ్వంత ముద్ద పారేయమ్మా, అందులో రెండు మందులూ సరిగ్గా కలవవు అన్నాను. ఆమె తెల్లబోయి, మీరు ఆస్పత్రిలో పనిచేశారా అని అడిగింది. లేదు, సాలూరులో బళ్ల షెడ్డులో అన్నాను. ఆమె నవ్వి తన పని తాను చేసుకుపోయింది గాని, నా మనసు మాత్రం ఆ కుర్చీలో నిలవలేదు, పదేళ్లు వెనక్కి పోయి ఆ షెడ్డు గుమ్మంలో నిలబడింది.

మా ఆయనది టింకరింగ్ పని. గుద్దుకున్న బళ్ల రేకులు సరిచేయడం, తుప్పు తిన్నచోట కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయడం. నా ఈడు ఆడవాళ్లు పనులు ఒక్కొక్కటే కోడళ్లకి అప్పజెప్పే వయసులో, నలభై ఎనిమిదో ఏట, నేను ఆ షెడ్డులో పనికి దిగాను. ముచ్చటపడి దిగింది కాదు, ఆయన కళ్ల కోసం దిగాను. ముసుగు అద్దం అడ్డుపెట్టుకుంటే అతుకు పడే చోటు కనపడదని, ఆయన సగం వెల్డింగ్ మొహం పక్కకి తిప్పుకుని చేసేవారు. సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు విలవిల్లాడిపోతుంటే బంగాళాదుంప చక్రాలు కోసి రెప్పల మీద పెట్టేదాన్ని. చివరికి విజయనగరం తీసుకెళ్తే, కంట్లో పొర మొదలైందని, ఆ వెలుగుకి దూరంగా ఉండకపోతే త్వరగా ముదిరిపోతుందని డాక్టరుగారు చెప్పారు. ఆయన తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే మళ్లీ వెల్డింగ్ హోల్డర్ పట్టుకున్నారు.

అప్పటినుంచి నాకు కాలు నిలిచేది కాదు. వంట చేస్తూ పదిసార్లు గుమ్మంలోకి వచ్చి, ఇంటి ముందరి షెడ్డులో ఆ నీలపు మెరుపు ఎంతసేపు వెలుగుతోందో చూసేదాన్ని.

ఆ రోజుల్లో కళింగపట్నం నుంచి మా వైపు సంతలకి వ్యానులో చేపలు తెచ్చే ఒక ఆసామి ఉండేవాడు. చేపల మీది మంచుగడ్డ కరిగి, ఉప్పునీరు కారి, అతని బండి పక్కరేకుల అడుగుభాగం ఏటా జల్లెడయిపోయేది. మా ఆయన ఏటా కోసి ముక్క వేసేవారు, మరుసటేడు అతుకు నిక్షేపంలా ఉండేది, దాని పక్కనే కొత్త తుప్పు లేచేది. ఆ వేసవిలో అతను మళ్లీ వచ్చినప్పుడు, విశాఖపట్నంలో కార్ల వర్క్‌షాపులో పనిచేసే మా తమ్ముడు కూడా ఇంట్లో ఉన్నాడు. వాడి సంచిలో రెండు గొట్టాల జిగురూ దాన్ని నొక్కే తుపాకీ ఉన్నాయి.

"బావా, కాలిస్తే రేకు మీద పూత పోతాది, పూత పోయిన సోటే తుప్పు పడతాది. ఇది రేకుని కాల్సదు, సందులోకి ఉప్పునీరు ఎల్లనీదు" అన్నాడు వాడు.

"జిగురుతో బళ్లు నిలబడితే లోకంలో వెల్డర్లెందుకురా? పోయి కవర్లు అంటించుకో" అన్నారు ఈయన.

ఆసామి మాత్రం ఎలాగూ పోతున్న రేకే కదా, ఒకసారి చూద్దామన్నాడు. తానైతే ముట్టుకోనని, కావాలంటే నన్నే చేసుకోమని ఆయన మొండికేశారు. తమ్ముడు వెళ్లేముందు నాకు అంతా చూపించాడు. రంగు ఆనవాలు లేకుండా రేకు మెరిసేదాకా రుద్దాలి, జిడ్డు పోయే మందుతో తుడవాలి, తుడిచాక వేలు కూడా తగలకూడదు, తుపాకీలోంచి మొదట వచ్చే ముద్ద పారేసి, అంచంతా తెగకుండా జిగురు పరిచి, ముక్క పెట్టి, క్లాంపులు బిగించి మర్నాటిదాకా కదపకూడదు. నేను అలాగే చేశాను. అలాగే చేశాననే అనుకున్నాను.

బండి వెళ్లిన మూడు రోజులూ నేను అన్నం సరిగా తినలేదు. రోడ్డు మీద ఏ బండి హారను మోగినా అదేనేమోనని గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. నాలుగోనాడు అది నిజంగానే వచ్చింది. నేను అంటించిన ముక్క వెనక మూల జానెడు మేర లేచిపోయి, బండి ఆగాక కూడా ఊగుతోంది.

మా ఆయన అది చూసి, తిన్నగా వెళ్లి వెల్డింగ్ మెషిన్ స్విచ్ వేశారు. నేను వంగి చూశాను. జిగురంతా ముక్కకే పట్టి ఉంది, బండివైపు రేకు మాత్రం ఏదీ ఎప్పుడూ అంటనట్టు అద్దంలా మెరుస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు సరిగ్గా ఆ మూల మీదే నా నుదుటి చెమట చుక్క పడింది. ఏమీ ఆలోచించకుండా చీర చెంగుతో తుడిచేశాను. పొద్దున తలకి కొబ్బరినూనె రాసుకుని చేతులు తుడుచుకున్నదీ ఆ చెంగుతోనే.

నోరు మూసుకుంటే నా తప్పు ఎవరికీ తెలియదు, జిగురు మీదకి పోతుంది. కానీ ఆయన మళ్లీ ఆ మెరుపులోకి పోతారు, ఇక ఎవరు చెప్పినా వినరు. ఆసామి ముందు, ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు నిలబడి చూస్తుండగా, ఆయనకి అడ్డం వెళ్లాను.

"ఆగు మావా. జిగురు తప్పు కాదది, నాదే. నూనె సెంగుతో తుడిసేసినాను."

"ఏటి?" అన్నారు ఆయన, హోల్డర్ చేతిలోనే పట్టుకుని.

నేను జరిగిందంతా చెప్పాను. ఆసామి ఆ మూలని వేలితో నిమిరి చూసి, "సరేలే సెల్లీ, ఈపాలి తలకి గుడ్డ కట్టుకో. బండి రెండ్రోజులు ఇక్కడే ఉంటాది" అన్నాడు.

ఆయన మెషిన్ ఆపేశారు. ఈసారి రేకు రుద్దింది ఆయనే, క్లాంపులు బిగించిందీ ఆయనే. మూలలు లేవకుండా ఆ చివరా ఈ చివరా రెండేసి రివెట్లు కొడదామన్నదీ ఆయన బుర్రే. అదే జిగురుతో రెండు పాత రేకుముక్కలు అంటించి, గట్టిపడ్డాక వైస్‌లో బిగించి ఉలితో కొట్టి చూశారు. రేకు వంకర తిరిగి చిరిగింది గాని అతుకు వీడలేదు. ఆ చిరిగిన ముక్కని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, నావైపు చూడకుండానే అన్నారు:

"ఒసే, ఆ మూల ఊడిపోనాదని సూసి నాకు సంబరమేసింది. ఇది అతుక్కుంటే ఇంక నానెందుకు అనిపించింది."

ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన భయం ఆయన నోట విన్నది అదే మొదటిసారి. ఇంకో రేకు తుడవాలి, గుడ్డ ఇయ్యి అన్నాను.

ఆపై వానాకాలం వెళ్లాక ఆసామి మా ఇద్దరినీ కూర్చోబెట్టి బండి అడుగు చూపించాడు. ఆ అంచున తుప్పు లేదు. ఆయన వెల్డింగ్ పూర్తిగా మానలేదు. బరువు మోసే అడుగు దూలాలకి జిగురు పనికిరాదని ఆయనా అన్నారు, మా తమ్ముడూ ఒప్పుకున్నాడు. కానీ పైరేకులన్నీ నా చేతికి వచ్చాయి, దూలాలు కాల్చేటప్పుడు ముసుగు అద్దం ఆయన మొహం మీదకి వచ్చింది. తరవాత కంటికి ఆపరేషనయింది. ఇప్పుడు పేపరు చదువుకుంటారు.

షెడ్డు మాత్రం లేదు. ఈ రోజుల్లో గుద్దుకున్న బండి ఏదో కంపెనీ వర్క్‌షాపుకి పోతుంది, అక్కడ నొక్కు పడ్డ తలుపుని తీసి పక్కన పడేసి కొత్త తలుపు బిగిస్తారు. తప్పని అనను, పని తొందరగా అవుతుంది. కానీ మేం సరిచేసిన ప్రతి బండీ వెళ్లిన తరవాత కొన్నాళ్లపాటు మాదే అయి ఉండేది. ఏ గతుకులో పడిందో, ఎలా ఉందోనని ఇంట్లో కూర్చున్నా మనసు దాని వెనకాలే తిరిగేది. అప్పుడు ఆ గాభరా ఎప్పుడు పోతుందా అని దేవుణ్ణి వేడుకునేదాన్ని. ఇప్పుడది పోయింది. అది లేని మధ్యాహ్నాలు ఎలా గడపాలో మాత్రం నాకింకా చేతకావడం లేదు.