మళ్ళీ ఎందుకొచ్చారు

ఎండకు కాగిన రబ్బరు పైపులోంచి మొదట వచ్చే నీళ్ళకు ఒక వాసన ఉంటుంది. సైకిలు షాపులో అడుగుపెట్టినట్టు ఉంటుంది. కాకినాడలో మా డాబా మీద కుండీలకు నీళ్ళు పట్టేటప్పుడు ఆ వాసన తగలగానే నా చెయ్యి దానంతటదే పైపును పక్కకు తిప్పుతుంది. మణికట్టు మీద పోసుకుని, చల్లబడ్డాయని తెలిశాకే మొక్కకు పెడతాను. మా ఆయన దీన్ని చాదస్తం అంటారు. చాదస్తమే, కాదనను. కాకపోతే అది నాకు గంగారాం గారి నుంచి వచ్చింది.

గంగారాం గారిది జగిత్యాల దగ్గర పల్లె. ఖతార్‌లో, దోహాకు ఉత్తరాన ఉమ్ సలాల్ వైపు ఒక తోటలో నీళ్ళ ట్యాంకర్ నడిపేవారు. మేము దోహా ఊళ్ళోనే, అల్ హిలాల్‌లో ఉండేవాళ్ళం. వరల్డ్ కప్ పనులు జోరు మీదున్న రోజులవి. ఊరంతా తవ్విపోసి ఉండేది, నిన్న వెళ్ళిన దారి ఇవాళ ఉండేది కాదు. మా ఆయన ఆ రోడ్ల పనుల్లోనే ఇంజనీరు. నేను పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, భర్త వీసా మీద వచ్చి, నాలుగో అంతస్తు కిటికీలోంచి క్రేన్లను చూస్తూ కూర్చునేదాన్ని. ఉద్యోగం కావాలి. అనుభవం లేనిదే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేనిదే అనుభవం లేదు. అందుకని మొక్కలు నాటే ఒక చిన్న స్వచ్ఛంద బృందంలో చేరాను. ప్రకృతి మీద ప్రేమతో చేరానని అందరికీ చెప్పేదాన్ని. అబద్ధం.

ఆ బృందం శుక్రవారం ఉదయాల్లో తోట పక్కనున్న బీడులో కలిసేది. అక్కడివాళ్ళు సిద్ర్ అనే చెట్టు ఒకటుంది, మన రేగుకు దగ్గరి చుట్టం. రోడ్ల కోసం పోయిన చెట్లకు బదులు కొన్నయినా పెంచాలని మా ప్రయత్నం. తోట యజమాని జాగా ఇచ్చాడు, నీళ్ళూ ఇచ్చాడు. వాటిని తెచ్చి పట్టేది గంగారాం గారు. వారానికి ఉన్న ఒక్క సెలవూ ఆయన మాకే ఇచ్చేవారు.

చదువుకున్నదాన్నని బృందంలో రాతకోతల పని నాకు అప్పజెప్పారు. నేనొక కాగితం మీద గళ్ళు గీశాను. పేరు, ఫోను, ఎందుకు చేరుతున్నారు. మొదటి వరుసలో నా పేరే రాసి, దాని ఎదుట ‘ప్రకృతి మీద ప్రేమ’ అని గుండ్రటి అక్షరాలతో దిద్దాను. తర్వాత ఒక్కొక్కరినీ అడిగాను. ఒకాయనకు సర్టిఫికెట్ కావాలి. ఒకావిడకు పిల్లలు మట్టి ముట్టుకుంటే చాలు. ఇంకొకాయన పని అయ్యాక పెట్టే బిర్యానీ కోసమే వస్తున్నానని మొహమాటం లేకుండా చెప్పాడు. గంగారాం గారేమో కూలీల క్యాంపులో పడుకుంటే నడుము నొప్పి పుడుతుందని, అదే రాసుకోమని అన్నారు. అది కారణం కాదన్నాను. ఆయన నా కాగితం వైపు ఒకసారి చూశారు.

“ఎందుకచ్చిండ్రు అని అడుగకుండ్రి మేడం. మొదటిసారి ఎందుకన్న అస్తరు. మళ్ల ఎందుకచ్చిండ్రు అని అడుగుండ్రి. మూడో శుక్రారం దాక ఆ గడి ఖాళీగ ఉంచుండ్రి.”

ట్యాంకర్ నడిపే మనిషి నాకు పాఠం చెప్పడమేమిటని మనసులో అనుకున్నాను. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆయనకు ఒక నియమం ఉండేది. ఎండిపోయిన మొక్కను పీకి, దాని వేరు చూసి, ఎందుకు చచ్చిందో తెలుసుకోకుండా ఆ గుంటలో ఇంకోటి పెట్టనిచ్చేవారు కాదు. ఫోటోల కోసం వచ్చినవాళ్ళకు ఇది బొత్తిగా నచ్చేది కాదు. వాళ్ళకు పచ్చటి మొక్కే కావాలి. నాకూ అంతే.

చలికాలం చివర్లో నా అదృష్టం తలుపు తట్టింది. ఒక కంపెనీకి పర్యావరణ విభాగంలో సహాయకురాలు కావాలి. ఆ విభాగం అధికారి మా మొక్కలను చూడటానికి శుక్రవారం వస్తానన్నాడు. చూసి మెచ్చితే ఉద్యోగం నాదేనని మా ఆయన స్నేహితుడు భరోసా ఇచ్చాడు. తీరా చూస్తే, మేము నాటిన తొంభైలో దాదాపు సగం ఎండుపుల్లలు. గురువారం మధ్యాహ్నం నర్సరీ నుంచి అదే ఎత్తున్న మొక్కలు నలభై తీసుకుని బీడుకు వెళ్ళాను. చచ్చినవాటిని తీసేసి, రేపటికల్లా వీటిని పెట్టేద్దామని గంగారాం గారిని అడిగాను. ఆయన కాదంటారని వాదన సిద్ధం చేసుకునే వెళ్ళాను. ఆయన కాదనలేదు.

“కొత్తయి నేను దించుత మేడం. చచ్చినయి మాత్రం మీరే పీకుండ్రి. వేర్లు చూసుకుంట పీకుండ్రి.”

పీకడం మొదలుపెట్టాను. ఒకదానికి వేళ్ళే లేవు. ఒకటి ఉప్పుకు మాడిపోయింది. ఐదోదాన్ని లాగితే నర్సరీ ప్లాస్టిక్ కవరుతో సహా ఊడొచ్చింది. కవరు తియ్యకుండానే ఎవరో గుంటలో పెట్టి ఇసుక కప్పేశారు. వేళ్ళు బయటికి దారి దొరక్క లోపలే చుట్టలు చుట్టుకుపోయాయి. ఏ తెలివితక్కువ మనిషి పనో చూద్దామని కొమ్మకు కట్టిన, నాటినవాళ్ళ పేరున్న చీటీ తిప్పాను. నా దస్తూరీ. మొదటి రోజు ఫోటో తీసేవాళ్ళు తొందరపెడుతుంటే నాటిన మొక్క అది. ఆ ఫోటో మా హాల్లో ఫ్రేము కట్టి ఉంది. అందులో నేను చాలా బాగా నవ్వుతుంటాను.

నాదేనని చెప్పాను. గంగారాం గారు తిట్టలేదు, ఓదార్చనూ లేదు. ట్యాంకర్ నీడలో కూర్చుని, నేను అడగకుండానే చెప్పారు.

“ఈ ట్యాంకర్ కన్న ముందు రోడ్డు పనిల ఉన్నప్పుడు మా గ్యాంగంత ఒక తుమ్మచెట్టు కింద తింటుంటిమి. నాలుగు నెలలు తిన్నం. ఒకనాడు దాన్ని తీసెయ్యమన్నరు. తీసేసినం, తాడు కట్టింది నేనే. తెల్లారి అన్నం డబ్బలు పట్టుకొని అందరం మళ్ల ఆడికే పోయినం మేడం. ఎండలనే కూసొని తిన్నం.”

అందుకే ఈ పనిలోకి వచ్చానని అంటారేమోనని ఎదురుచూశాను. అనలేదు. లేచి వెళ్ళి, పైపులోని వేడినీళ్ళు పక్కకు వదలడం మొదలుపెట్టారు.

మిగతా పుల్లలను నేను పీకలేదు. కొత్త నలభైని విడిగా, ఆ చివర, కవర్లు తీసి నాటాం. శుక్రవారం అధికారి వచ్చాడు. ముందుగా చచ్చినవాటి దగ్గరికే తీసుకెళ్ళాను. ప్లాస్టిక్‌లో చుట్టుకుపోయిన వేళ్ళు చూపించి, ఇది నేను నాటిందేనని చెప్పాను. ఆయన మర్యాదగా అన్నీ విన్నాడు, రాసుకున్నాడు, కబురు చేస్తానని వెళ్ళాడు. కబురు రాలేదు. ఆ ఉద్యోగం ఇంకెవరికో వచ్చింది. రెండు రోజులు ఏడ్చాను. గంగారాం గారి మీద కోపం కూడా వచ్చింది. ఆ పుల్లలు పీకేసి ఉంటే ఉద్యోగం వచ్చేదేమోనని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది.

ఆ తర్వాతి శుక్రవారం నేను వెళ్ళాల్సిన పనే లేదు. ఇంకా ఎందుకని మా ఆయన అడిగేసరికి నేను బూట్లు వేసుకుంటున్నాను. లేసులు బిగించుకుని మెట్లు దిగాను. బీడుకు చేరేటప్పటికి గంగారాం గారు పైపు కింద మణికట్టు పెట్టి నిలబడ్డారు. ఉద్యోగం సంగతి అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు.

“నీ కాగితం ఉన్నదా చెల్లె?” అన్నారు. అప్పటిదాకా నేను మేడాన్ని. “ఇగ ఇప్పుడు రాయి, ఎందుకచ్చినవో.”

సంచిలోంచి కాగితం తీశాను. ‘ప్రకృతి మీద ప్రేమ’ కొట్టేశాను. పక్కన రాయడానికి మాట దొరకలేదు. కలం పట్టుకుని అలాగే నిలబడితే, నీళ్ళు చల్లబడ్డాయని చెప్పి పైపు నా చేతికిచ్చారు.

తర్వాత ఆయన ఊరికి వెళ్ళిపోయారు. ఫోన్ నంబరు మారింది, జాడ తెలియలేదు. నేను కాకినాడ వచ్చాక మడ మొక్కలు నాటే బృందం ఒకటి నడుపుతున్నాను. సర్టిఫికెట్ కోసం వస్తారు, ఫోటో కోసం వస్తారు, పెళ్ళిచూపుల్లో చెప్పుకోవడానికి కూడా వస్తారు. ఎవరినీ తప్పుపట్టను, నేనూ అలా వచ్చినదాన్నే. మూడో వారం దాకా ఎవరినీ కారణం అడగను. అప్పుడు అడిగితే చాలామంది నీళ్ళు నములుతారు. అలాంటివాళ్ళ మీదే నాకు నమ్మకం.

ఆ పాత కాగితం నా బీరువాలో ఉంది. మొదటి వరుసలో నా పేరు, కొట్టేసిన మూడు మాటలు, పక్కన ఖాళీ. ఇన్నేళ్ళయినా అందులో ఏం రాయాలో తెలియలేదు. రేపు ఆదివారం. పోటు రాకముందే మొక్కల దగ్గరికి వెళ్ళాలి.