టేపక్క ఎలాస్టిక్ వేయనంది

“పాపను ఎవరైనా గిల్లితే నాకెలా తెలుస్తుందక్కా? దానికింకా మాటలే రాలేదు.”

“ఒళ్లు చెబుతుందమ్మాయ్,” అంది టేపక్క కత్తెర ఆపకుండానే. “అది చదవడం నేర్చుకో.”

కాన్పు తర్వాత బిగుతైపోయిన ప్యాంట్లు వదులు చేయించుకోవడానికి వెళ్లాను. పాపకు ఏడాదిన్నర. వచ్చే నెల దాన్ని క్రెష్‌లో వదిలి నేను మళ్లీ నీటి పరీక్షల ల్యాబుకు వెళ్లాలి. ఆ క్రెష్ గురించి నేను అడగని మనిషి లేడు. అయినా భయం తగ్గలేదు. అది దర్జీ ముందు బయటపడింది. జవాబుగా టేపక్క తన కథ చెప్పింది.

ఆమె దుకాణం ఒక మేడ మెట్ల కింద. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, తిన్నగా నిలబడితే తలకు తగిలే కప్పు. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంది కనుక ఆ పేరు. పద్దెనిమిదేళ్లకు బట్టల ఫ్యాక్టరీలో చేరి పదకొండేళ్లు కాలర్లే కుట్టింది. “లక్ష కాలర్లు కుట్టుంటాను, ఒక్క మెడ చూడలేదు,” అంటుంది. మనుషుల్ని చూసి కుట్టాలనిపించి ఆ పని మానేసింది.

ఊరి చివర ఒక వసతి గృహం ఉంది. వయసుకు పెద్దవాళ్లే అయినా ఒకరి సాయం లేకుండా బతకలేనివాళ్లు ముప్ఫై మంది అక్కడ ఉంటారు. ఆరు నెలలకోసారి వాళ్లందరికీ రెండేసి జతలు కుట్టే పని టేపక్కకు దొరికింది. సంపాదనలో సగం అదే. మనిషికో పేజీ పెట్టి ఛాతీ, నడుం, చేయి, పొడుగు రాసుకునేది. చివరి గడి రంగుది. ఇంటివాళ్లు ఫోన్ చేసి ఏ రంగు కావాలో చెప్పేవాళ్లు. అలా చెప్పే దిక్కులేనివాళ్ల గడి ఖాళీగా ఉండేది. వాళ్లకు మిగిలిన తానులోంచి కోసేది.

అలా ఖాళీ గడి ఉన్న ఒకామె ముప్ఫై దాటిన మనిషి, మాట్లాడదు. టేపక్క గుండీల డబ్బా మూత తీయగానే పక్కన చేరి రంగులవారీగా వరుస పేర్చేది. టేపక్క ఆమెను గుండీలమ్మ అనేది. మొదటిసారి ఆమె ఛాతీ ముప్ఫై నాలుగు అంగుళాలు. రెండోసారి ముప్ఫై రెండున్నర. మూడోసారి ముప్ఫై.

“టేపు సాగిందేమోనని నన్ను నేను కొలుచుకున్నా. నేను సాగాను గానీ టేపు సాగలేదు.”

ఆ రోజు ఇంటికి వచ్చి పుస్తకమంతా తిరగేసింది. రంగు గడి నిండిన పదకొండు మంది కొలతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఖాళీ గడుల వాళ్లు పందొమ్మిది మంది. వాళ్లలో పదహారు మంది తగ్గారు. ఇంత స్పష్టమైన పట్టిక మా ల్యాబులో కూడా అరుదు.

మర్నాడు వెళ్లి మేనేజరును అడిగింది.

“వయసు మీద పడుతోంది కదమ్మా, తగ్గరా మరి?”

“మా ఆయనకీ మీద పడింది సార్. నడుం నాలుగంగుళాలు పెరిగింది.”

మేనేజరు నవ్వలేదు. “ఇకమీదట కొలతలెందుకు? అందరికీ ఒకే సైజు కుట్టి నడుముకి ఎలాస్టిక్ వేసెయ్యండి. మీరు రానక్కర్లేదు, లిస్టు మేమే పంపుతాం. మీకూ శ్రమ తగ్గుద్ది.”

“ఎలాస్టిక్ వేస్తే మనిషి సగమైపోయినా బట్ట జారదు సార్. ఎవరికీ తెలీదు. నేను వేయను.”

“ఊళ్లో కుట్టేది మీరొక్కరేనా?”

“కాదు. వాళ్లకీ చెప్పొస్తా, కొలవకుండా కొయ్యొద్దని.”

వాళ్లాయన బస్సు డ్రైవరు. సంగతి విని తల పట్టుకున్నాడు. “మనకెందుకే ఈ తలనొప్పి? సగం రాబడి పోద్ది.”

“వాళ్లు సగం తిండితోనే ఉంటున్నారుగా. మనమూ ఉండి చూద్దాం.”

ఆయన మర్నాడు సెలవు పెట్టి, సంక్షేమ శాఖ ఆఫీసుకు తానే స్కూటరు మీద తీసుకెళ్లాడు.

అక్కడి అధికారి పుస్తకం రెండు పేజీలు చూసి మూసేశాడు. “డాక్టరు సర్టిఫికెట్టు తేవాలమ్మా. దర్జీ పుస్తకం సాక్ష్యం కాదు.”

“ఒకసారి లేచి నిలబడండి సార్.”

“ఎందుకు?”

“మీ చొక్కా నలభైకి కుట్టింది. మీరిప్పుడు నలభై మూడు. బొడ్డు దగ్గర గుండీ మాటిమాటికీ ఊడుతోంది, ఇంట్లో ఎవరో నల్లదారంతో కుడుతున్నారు. తప్పయితే చెప్పండి, ఇట్నుంచిటే ఇంటికి పోతా.”

పక్క బల్ల దగ్గరి గుమాస్తా దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. అధికారి తన తెల్లచొక్కా వైపు చూసుకున్నాడు. నల్లదారం ఉంది. పుస్తకం మళ్లీ తెరిచి, ఈసారి చివరిదాకా చదివాడు.

“ఎప్పుడు వెళ్దాం?”

“ఇప్పుడే. భోజనాల వేళ. ఫోన్ మాత్రం చెయ్యకండి.”

వెళ్లారు. ముందు గదిలో, ఇంటివాళ్లు వచ్చిపోయే పదకొండు మంది ముందూ నిండు పళ్లేలున్నాయి. వెనక గదిలో మిగతావాళ్లకు తలా ఒక గరిటె నీళ్ల గంజి. గుండీలమ్మ ఖాళీ గిన్నె అంచు నాకుతోంది. వీళ్లకు అరగదని మేనేజరు ఏదో చెప్పబోయాడు. అధికారి వినిపించుకోకుండా డాక్టరును అక్కడికే రప్పించాడు. మేనేజరును తీసేశారు. విచారణ నడుస్తోంది. ఇప్పుడు అందరికీ ఒకే బల్ల, ఒకే వంట. నెలనెలా బరువు చూస్తారు.

టేపక్కకు మాత్రం ఆ పని తిరిగి రాలేదు. కొత్తగా వచ్చిన నిర్వాహకులు పెద్ద దుకాణానికి ఇచ్చేశారు. గొడవ పెట్టే మనిషని ఎవరో చెప్పారట. ఆమె నేరుగా గేటు దగ్గరికి వెళ్లింది.

“పనివ్వకపోతే మానెయ్యండి. నేను గుండీలమ్మను చూడ్డానికొచ్చా. వచ్చిపోయేవాళ్ల పుస్తకంలో రాసుకో.”

“ఆమెకు మీరేమవుతారు?” అన్నాడు కాపలాదారు. “చుట్టరికం రాయాలి.”

“దర్జీ.”

“అదేం చుట్టరికమండీ?”

“నువ్వు రాయవయ్యా. అడిగినవాళ్లకి నేను చెప్పుకుంటా.”

రాశాడు. అప్పటినుంచి వారానికోసారి, ఒక్కోసారి రెండుసార్లు వెళుతోంది. మెడలో టేపు తీయదు. మొన్న గుండీలమ్మ ఛాతీ ముప్ఫై రెండుకు వచ్చింది.

ఇదంతా చెప్పి, నా ప్యాంటు మడిచి చేతికిస్తూ అంది: “క్రెష్‌కి చెప్పి వెళ్లకు. రోజూ ఒకే టైముకి వెళ్లకు. ఇంటికొచ్చాక స్నానం నువ్వే చేయించు, ఒళ్లంతా చూడు. ‘మీకెందుకండీ శ్రమ’ అని ఎవరైనా అన్నారా, ఆ రోజు తప్పకుండా వెళ్లు. ఇంకోమాట. నీ పాపనొక్కదాన్నే చూసుకుని వచ్చెయ్యకు. ఎవరూ తొంగిచూడని పిల్ల ఒకతి ఎక్కడైనా ఉంటుంది. దాని దగ్గరా కాసేపు కూర్చో.”

పాప క్రెష్‌లో చేరి నెలైంది. సోమవారం పదకొండు ఇరవైకి వెళ్లాను, నిన్న మూడింటికి. ఆయా మొహం చిట్లించింది. చిట్లించనీ. కిటికీ పక్కన ఒక మూడేళ్ల పిల్ల ఉంది, అందరూ వెళ్లిపోయాకే వాళ్ల నాన్న వస్తాడు. వెళ్లిన ప్రతిసారీ దాని పక్కన కింద కూర్చుని, ఇవాళ ఏం తిన్నావని ఆయాకు వినబడేలా అడుగుతున్నాను.